లండను కొండపై ఒక సోమవారము

మా పత్రిక చేతికందగానే శ్రోతలు వ్యాసములను చదువుటకు ముందు కార్యక్రమముల పట్టిక ఉన్న పుటలను తెరచి చూతురని మేమెరుగుదుము. ఏ పూట ఎవరి కచేరి, ఏ రాత్రి నాటకము, వ్యవసాయదారుల ముచ్చట్లు ఏ వేళకు అని వ్రేలితో వెదకుకొను గృహిణులును, ఎఱ్ఱ సిరాతో గీతలు గీచి ఉంచుకొను తాతగారలును మాకు ఉత్తరములు వ్రాయుచుందురు. పట్టికలను కూర్చుటయే మా వృత్తి కావున, ఇతర దేశముల పాత పట్టికలు చేజిక్కినప్పుడు మాకును వానిని విడువ బుద్ధి కాదు. ఒక కేంద్రమువారు తమ ప్రజలను గురించి ఏమని తలచిరో వారి ఉపన్యాసములకన్న వారి పట్టికయే నిజముగా చెప్పును.

అట్టి పట్టిక యొకదానిని ఇచ్చట విప్పి చూపదలచితిమి. అది 1936వ సంవత్సరము నవంబరు 2వ తేదీ, సోమవారము నాటిది. బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషను, అనగా మనము బి.బి.సి. అని పిలుచు సంస్థ, తన టెలివిజను ప్రసారములను నాడు ప్రారంభించినది. మధ్యాహ్నము 3 గంటల నుండి 4 వరకు, రాత్రి 9 గంటల నుండి 10 వరకు. ఇంతియే ఆ కొత్త కేంద్రమునకు నిర్ణయించిన దినము. ఆదివారము నాడు ఆ రెండు గంటలును లేవు. ప్రపంచమున ఇదియే మొట్టమొదటి టెలివిజను అని చెప్పువారు కలరు గాని, ఆ మాట సరికాదు. బెర్లిను నగరమున జర్మనులు 1935 మార్చి నాటికే ప్రసారములను ఆరంభించి యుండిరి. 1936 వేసవిలో ఒలింపిక్ క్రీడలను ప్రత్యేక శాలలలో ప్రజలకు చూపిరి. అయితే వారి చిత్రములో 180 పంక్తులు మాత్రమే ఉండెడివి. స్పష్టమైన చిత్రమును, క్రమము తప్పని వేళలకు, ఇండ్లలోనివారికి అందింపవలెనని పూనుకొన్నది లండను కేంద్రము. దాని కీర్తి ఆ మేరకు న్యాయమైనదే.

పంక్తులు అనగా ఏమో చెప్పవలెను. పుస్తకములోని పుటను మన కన్ను ఎడమ నుండి కుడికి వరుస వెంబడి వరుసగా చదువునట్లే, టెలివిజను యంత్రము దృశ్యమును సన్నని అడ్డుపంక్తులుగా చదివి, వెలుతురు హెచ్చుతగ్గులను విద్యుత్తుగా మార్చి పంపును. ఇంటిలోని యంత్రము ఆ పంక్తులను అదే వరుసలో తెరపై మరల వ్రాయును. పంక్తులు తక్కువైనచో ముఖము గుర్తుపట్టుటయే గగనము. ఎక్కువైనచో కనురెప్పలు కూడ కానవచ్చును. నాటి సోమవారమున జరిగిన పోటీయంతయు ఈ పంక్తుల సంఖ్యపైననే.

పోటీదారులు ఇరువురు. ఒకరు జాన్ లోగీ బెయిర్డు. స్కాట్లండు దేశీయుడు. 1926 జనవరి 26వ తేదీన లండనులోని సోహో ప్రాంతమున, ఫ్రిత్ వీధిలో ఒక మేడపై గదిలో, రాయల్ ఇన్‌స్టిట్యూషను సభ్యులకు తన యంత్రమును చూపి ప్రసిద్ధుడైనాడు. తిరుగు చక్రములు, రంధ్రములు, అద్దములు, ఇట్టి సామగ్రితో దృశ్యమును తంతిలేకుండ పంపిన ధీరుడు. 1929 మొదలు బి.బి.సి. ప్రసారిణి ద్వారానే 30 పంక్తుల చిత్రములను పంపుచుండెను. రెండవ పోటీదారు మనిషి కాదు, సంస్థ. మార్కోనీ-ఇ.ఎం.ఐ. అను ఆ సంస్థలో ఐజక్ షోయెన్‌బెర్గు నాయకత్వమున ఇంజనీర్లు చక్రములను పూర్తిగా విడిచిపెట్టి, చిత్రమును ఎలక్ట్రానుల చేతనే చదివించు ఎమిట్రాను అను కెమెరాను సిద్ధము చేసిరి. బెయిర్డు కంపెనీవారి చిత్రమునకు 240 పంక్తులు. వీరి చిత్రమునకు 405. రెంటిలో ఏది మేలో తేల్చుటకు ప్రభుత్వము నియమించిన సెల్స్‌డను ప్రభువు సంఘము, 1935 జనవరిలో తన నివేదికలో, రెండు పద్ధతులను ఒకే కేంద్రమునుండి వంతులవారీగా నడిపి చూడవలెనని చెప్పినది. తీర్పు చెప్పవలసినవారు తీర్పును ప్రేక్షకులపైకి నెట్టినట్లయినది. ఆ ప్రేక్షకులైనను ఎందరు? కొన్ని వందల ఇండ్లు. ఒక్కొక్క పెట్టె వెల దాదాపు నూరు గినీలు. ఆ డబ్బుతో నాడు ఇంగ్లండులో చిన్న మోటారు కారు వచ్చెడిది.

కేంద్రము నెలకొల్పిన చోటు లండను ఉత్తరపు కొనను, ఒక కొండపై నున్న అలెగ్జాండ్రా ప్యాలెస్. పేరు మహలు అయినను అందు రాజులెవ్వరును కాపురముండలేదు. ప్రజల వినోదమునకై 1873లో తెరచిన ఆ భవనము 16 దినములకే కాలిపోయి, 1875లో మరల లేచినది. ఎత్తైన చోటు కనుక దాని తూర్పు భాగమును బి.బి.సి. వారు 1935లో అద్దెకు తీసికొని, గోపురముపై ఎత్తైన స్తంభము నిలిపి, లోపల రెండు స్టూడియోలు కట్టిరి. ఒకటి బెయిర్డువారికి, ఇంకొకటి మార్కోనీవారికి. పందెములో ముందెవరు ఎక్కవలెను? నాణెమును ఎగురవేసిరి. గెలుపు బెయిర్డు పక్షమున పడినది. ఆ పోటీలో వారికి దక్కిన గెలుపు బహుశః అదియొక్కటే.

ఇక పట్టికను చూతము. మధ్యాహ్నము 3 గంటలకు ప్రారంభోత్సవము. బి.బి.సి. అధ్యక్షుడు ఆర్. సి. నార్మన్, పోస్టుమాస్టరు జనరలు మేజర్ ట్రయను, సెల్స్‌డను ప్రభువు ఒకరి వెంట ఒకరు ప్రసంగించిరి. రెండు కంపెనీల అధ్యక్షులును తమ తమ యంత్రముల వంతున మాటలాడిరి. ఏలనన, ఉత్సవమును మొదట బెయిర్డు యంత్రముపై జరిపి, అదే మధ్యాహ్నము మార్కోనీ యంత్రముపై మరల జరిపిరి. ఒకే సంతోషమును రెండుమార్లు ప్రకటించుట ఎంత కష్టమో ప్రసారకులమైన మాకు తెలియును. ఇంత ఉత్సవములో జాన్ లోగీ బెయిర్డు మాత్రము మాటలాడలేదు. ఆయన పేరున్న కంపెనీ తరఫున మాటలాడినది దాని అధ్యక్షుడు సర్ హ్యారీ గ్రీరు. బి.బి.సి.కి అప్పటి డైరెక్టరు జనరలు సర్ జాన్ రీతు సయితము ఆ తంతులో పాలుపంచుకొనలేదు. రేడియోను తన సంతానమువలె పెంచిన ఆ మహాశయునకు ఈ కొత్త శిశువుపై మమకారము కుదరలేదు. రేడియో కొలువులో ఉన్న మేము ఆయనను తప్పు పట్టజాలము.

ఉపన్యాసముల పిమ్మట మూవీటోన్ వార్తాచిత్రము. ఆ తరువాత అరగంట వినోదము. నిజమైన పట్టిక ఇక్కడనే మొదలైనదని మా అభిప్రాయము. అడీల్ డిక్సన్ అను గాయని టెలివిజనును గురించియే ప్రత్యేకముగా కూర్చిన పాటను పాడినది. వెనుక వాద్యబృందము, చేతిలో కర్ర పట్టి నడుపుచున్న నిర్వాహకుడు హయమ్ గ్రీన్‌బామ్. తరువాత లై ఫౌన్స్ అను చీనాదేశపు గారడి బృందము పళ్ళెములను తిప్పినది. బక్, బబుల్స్ అను అమెరికా దేశపు నీగ్రో కళాకారులు ఇరువురును ఆ వినోదములో ఉండిరి. బక్ పియానో ముందు కూర్చుండగా బబుల్స్ కాళ్ళతో తాళము వేయుచు నర్తించెను. క్రమబద్ధమైన టెలివిజను ప్రసారమున నల్లజాతి కళాకారులు కనిపించుట అదియే మొదలు అని చరిత్రకారులందురు. అమెరికాలో ఆ రోజులలో వారి తోటివారికి ఎన్నో నాటకశాలల ముందువాకిలి కూడ తెరువబడనిది. ఈ కొండపై మాత్రము మంత్రి కూర్చుండి లేచిన కొంతసేపటికే వారు దర్శనమిచ్చిరి.

ఈ ఎంపికలో ఒక లోతైన తెలివి కలదు. పాట రేడియోలోనూ వినవచ్చును. పళ్ళెములు తిరుగుటను రేడియో ఎట్లు వినిపించును? బబుల్స్ పాదముల చప్పుడు వినవచ్చును గాని, ఆ చప్పుడు ఏ కాలి మడమ నుండి వచ్చెనో చూడవలసినదే. కొత్త యంత్రము ఏమి చేయగలదో ఎవ్వరును ఉపన్యాసము చెప్పకయే ఆ ఆరుగురెనమండుగురు కళాకారులు చూపిరి. భాషతో పని లేని విద్యలను ఎన్నుకొనుటయు మెచ్చదగినది.

తెర వెనుక సంగతి వేరు. బెయిర్డువారి పద్ధతిలో విశాల దృశ్యమును నేరుగా పంపుట సాధ్యము కాలేదు. అందుచేత వారు దృశ్యమును ముందు సినిమా ఫిల్ముపై తీసి, ఆ ఫిల్మును అక్కడికక్కడే తొట్లలోని ద్రావకములలో ముంచి, కడిగి, తడి ఆరకముందే యంత్రముచే చదివించి పంపెడివారు. ఈ క్రియకు ఇంచుమించు ఒక నిమిషము పట్టెడిది. నటుడు వంగి నమస్కరించి వేదిక దిగిపోయిన పిమ్మట ఇండ్లలో అతడింకను పాడుచునే యుండెను. ద్రావకపు తొట్లతో ముడిపడిన ఆ కెమెరా అటు ఇటు కదలలేదు. గున్నమామిడికి కట్టిన ఏనుగువలె ఉన్నచోటనే ఉండవలసినది. ద్రావకములలో సయనైడు కూడ ఉండెడిదట. దీనిపై మార్కోనీవారి ఎమిట్రాను కెమెరా చక్రములపై జరిగి నటుని ముఖము కడకు పోగలిగెడిది, వెనుకకు రాగలిగెడిది. కళాకారులు ఏ స్టూడియోను కోరుకొనిరో చెప్పనవసరము లేదు.

రాత్రి 9 గంటలకు ప్రసారము మరల మొదలయ్యెను. మొదట టెలివిజను లండనుకు వచ్చిన విధమును చూపు ఒక చలనచిత్రము. పిమ్మట పిక్చర్ పేజ్ అను కార్యక్రమము. దీనిని రూపొందించినవాడు సెసిల్ మాడెను. ఆయన ఘనత ఒకటి చెప్పవలెను. అదే సంవత్సరము ఆగస్టులో, రేడియో ప్రదర్శనశాలకు ప్రయోగాత్మకముగా చిత్రములను పంపవలసివచ్చినప్పుడు, డైరెక్టరు జెరాల్డు కాక్ ఆయనకు ఇచ్చిన గడువు తొమ్మిది దినములు. ఆ గడువులోనే వినోద కార్యక్రమమును సిద్ధము చేసెను. పిక్చర్ పేజ్‌లో జోన్ మిల్లర్ అను నటి టెలిఫోను ఎక్స్‌చేంజిలో కూర్చున్న ఉద్యోగినిగా కనిపించి, తీగలను గుచ్చి, ప్రేక్షకులను ఒక్కొక్క అతిథితో కలిపెడిది. నాటి రాత్రి వచ్చినవారిలో దయ్యముల కథలకు పేరుపొందిన రచయిత ఆల్జెర్నన్ బ్లాక్‌వుడ్ ఒకడు. ఆటగాండ్రు, విమానచోదకులు, వీధి బేరగాండ్రు, వింత వృత్తులవారు ఒకరి పిదప ఒకరు ఆ తీగల గుండా ఇండ్లలోనికి రావలెనన్నది ఈ కార్యక్రమపు ఏర్పాటు. ఆ ఎక్స్‌చేంజి ఉపాయము మాకు మిక్కిలి నచ్చినది. సంబంధము లేని పదిమందిని ఒకే అరగంటలో వరుసగా చూపుటకు ఏదో ఒక దారము కావలెను గదా!

దారము తెగినప్పుడు ఏమగునో మాకు అనుభవమే. ఒకనాటి సాయంకాలము ఒక విద్వాంసుడు కచేరి వేళకు రాలేదు. ఎఱ్ఱదీపము వెలిగినది. మావద్ద ఉన్నది వీణ రికార్డు ఒక్కటే. ఏడు నిమిషములు దానిని వినిపించి, ఇక ముగియుననగా ఆయన చెమటలు తుడుచుకొనుచు తలుపు త్రోసికొని వచ్చిరి. మరునాడు ముగ్గురు శ్రోతలు, ఆ వీణ ఎవరిదో చాల బాగున్నది, మరల ఎప్పుడు వేయుదురని వ్రాసిరి. కచేరిని గురించి ఎవ్వరును వ్రాయలేదు. లండనువారు కూడ ఈ సత్యమును కనుగొనిరి. 1950ల నాటికి కార్యక్రమముల నడుమ ఖాళీ వచ్చినప్పుడు వారు కుమ్మరి చక్రముపై మట్టి తిరుగు చిన్న చిత్రమును చూపెడివారు. కుండ ఎప్పటికిని పూర్తి కాదు. అయినను ఆ చేతులను చూచుటకే ప్రేక్షకులు ఇష్టపడిరి.

నాటి సోమవారపు పట్టికలో ఉన్నవి ఇవి: మంత్రి ప్రసంగము, వార్తలు, పాట, గారడి, నాట్యము, చలనచిత్రము, ముచ్చట్లు. ఒక ఇంటిలోనివారందరును ఒకే పెట్టె ముందు కూర్చుందురు గనుక, ప్రతివానికి ఏదో ఒకటి దక్కవలెనని కూర్చిన విస్తరి ఇది. విస్తరిలో పులుసు ఇష్టము లేనివాడు పచ్చడి తినును. కాని పులుసు వడ్డించునంతవరకు లేవకూడదు. ప్రభుత్వ సంస్థ ప్రసారములకు నేటికిని ఈ వడ్డన క్రమమే ఆధారము.

మన దేశమున ఆ వడ్డన ఎట్లు సాగినదో ఒక్క మాట చెప్పి మరల కొండమీదికి పోదుము. 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు టెలివిజనును ప్రారంభించిరి. నడిపినవారు ఆకాశవాణివారే. మొదట వారమునకు రెండు దినములు మాత్రమే ప్రసారము. 1965లో ప్రతిదినము అయినది. 1967 జనవరి 26వ తేదీన రైతులకై కృషిదర్శన్ వచ్చినది. తెలుగు పల్లెలకు తెర చేరినది 1975 ఆగస్టు 1వ తేదీన. అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము సహాయముతో, ఆంధ్రప్రదేశ్‌తో కూడ ఆరు రాష్ట్రములలోని దాదాపు 2,400 గ్రామములకు ఒక సంవత్సరము పాటు ప్రసారములు అందినవి. ఉపగ్రహము నుండి నేరుగా చిత్రమును అందుకొను ఆ పెట్టెలను తయారుచేసినది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను. దినమునకు నాలుగు గంటలు: ఉదయము గంటన్నర బడిపిల్లలకు, సాయంకాలము రెండున్నర గంటలు పెద్దలకు. ఆ నాలుగు గంటలనే తెలుగు, హిందీ, కన్నడము, ఒరియా భాషలు పంచుకొనవలసివచ్చినది.

లండనుకును మన పల్లెకును భేదమిక్కడ తేటపడును. లండనులో ధనవంతుని ఇంట ఒక పెట్టె, దాని ముందు నలుగురు. మన పల్లెలో బడి ముంగిట ఒక పెట్టె, దాని ముందు నూరుమంది. ఆ నూరుమందిలో కాపు, కూలి, చంటిబిడ్డను ఎత్తుకొన్న తల్లి, చదువురాని అవ్వ అందరును కలరు. వరిలో పురుగుమందు మాట, బిడ్డలకు టీకాల మాట, హరికథ, వార్తలు అన్నియు ఆ కొద్ది నిమిషములలోనే ఇమడవలెను. విస్తరి చిన్నది, బంతి పెద్దది. పట్టిక కూర్చిన మా సహోద్యోగుల శ్రమ ఎట్టిదో ఊహింపగలము. అప్పటికింకను రేడియో, టెలివిజను ఒకే కుటుంబము. 1976 ఏప్రిల్ 1వ తేదీన దూరదర్శన్ వేరు కాపురము పెట్టినది. ఉపగ్రహమును అదే ఏడు జూలై నెలాఖరున అమెరికావారు తిరిగి తీసికొనిరి. హైదరాబాదులో దూరదర్శన కేంద్రము వెలసినది 1977లో.

ఇక కొండపై మిగిలిన కథ. ప్రారంభోత్సవము జరిగి నెల తిరుగకమునుపే, నవంబరు 30వ తేదీ రాత్రి, లండను దక్షిణమున క్రిస్టల్ ప్యాలెస్ అను అద్దాల భవనము కాలిపోయినది. బెయిర్డు కంపెనీవారి ప్రయోగశాలలు అందుండెడివి. సామగ్రిలో చాల భాగము బూడిదయైనది. అయినను వంతు తప్పక వారము విడిచి వారము వారు తమ చిత్రములను పంపుచునే యుండిరి. 1937 ఫిబ్రవరిలో ప్రభుత్వము తీర్పు చెప్పినది: ఇకపై 405 పంక్తులు మాత్రమే. ద్రావకపు తొట్లను ఎత్తివేసిరి. అదే ఏడు మే 12వ తేదీన ఆరవ జార్జి పట్టాభిషేకపు ఊరేగింపును మార్కోనీవారి మూడు కెమెరాలు హైడ్ పార్కు మూల నుండి చూపినప్పుడు, వర్షములో తడియుచు సాగిన ఆ బండ్లను ఇండ్లలో కూర్చుండి చూచిన వారికి, ఏ యంత్రము గెలిచినదను ప్రశ్న గుర్తుకు రాలేదు.

1939 నాటికి పెట్టెల సంఖ్య ఇంచుమించు 20,000కు చేరినది. సెప్టెంబరు 1వ తేదీన, యుద్ధము ముంచుకొని వచ్చుచుండగా, కేంద్రమును మూసివేసిరి. ఆ ప్రసారిణి శత్రు విమానములకు దారి చూపునను భయము ఒకటి; ఇంజనీర్లు రాడారు పనులకు కావలసివచ్చుట ఇంకొకటి. మూతకు ముందు చూపిన కడపటి అంశము మిక్కీ ఎలుక బొమ్మల చిత్రము. ఏడు సంవత్సరములు తెర చీకటిగా ఉండినది. 1946 జూన్ 7వ తేదీ మధ్యాహ్నము, యుద్ధమునకు ముందు అనౌన్సరుగా ఉండిన జాస్మిన్ బ్లై అను ఆమెయే మరల కెమెరా ముందు నిలిచి, ప్రేక్షకులను కుశలమడిగి, తాను జ్ఞాపకమున్నానా అని ప్రశ్నించినది. నాటి పట్టికలో ఆ మిక్కీ ఎలుక చిత్రమే మరల ఉండినది. మరునాడు విజయోత్సవపు కవాతు.

ఆ కొండపై నుండి వెలువడిన చిత్రములలో అప్పటికి బెయిర్డు చక్రములు గాని, అద్దములు గాని ఏవియు లేకుండెను. ఆయన యుద్ధకాలమంతయు సొంత ధనముతో, ఒంటరిగా, రంగుల చిత్రములను పంపు ప్రయత్నములు చేయుచుండెను. ఆరోగ్యము చెడినది. ప్రసారములు మరల ఆరంభమైన వారమునకే, జూన్ 14వ తేదీన, సముద్రతీరమున బెక్స్‌హిల్ అను ఊరిలో ఆయన కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు 57 సంవత్సరములు.